నడుమ విస్తరి

ఎర్రబండ,
10-3-1988.

మండల రెవెన్యూ అధికారి వారి సముఖమునకు,
ఎర్రబండ మండలం, గుంటూరు జిల్లా.

బస్టాండు బజారు కిరాణా వర్తకులు కొత్తమాసు కన్నయ్య గారి కుమార్తె హైమావతి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తెల్లగుట్ట సున్నపు బట్టీకి, మేరకపాలెం మిరప కల్లాలకు మధ్య కుదిరిన ఒడంబడిక చెడిపోకుండా కాపాడుటకై, వచ్చే ఆదివారం మధ్యాహ్నం తమరు అచ్చటికి విచ్చేసి, చాప మీద కూర్చుని భోజనం చేయవలసిందిగా ప్రార్థన.

విషయం చదివి తమరు ఈ కాగితాన్ని పక్కన పెట్టరని ఆశిస్తున్నాను. నేను స్థిమితంగానే ఉన్నాను. భోజనం ఎందుకన్నది దిగువ వివరించుకొంటున్నాను.

1. నేను గుంటూరులో సిస్టర్లు నడిపే ఆడపిల్లల కళాశాలలో బి.ఎస్సీ. చదువుతున్నాను. ఈ వేసవిలో ఢిల్లీలో పొరుగు దేశాల ప్రతినిధుల సమావేశం ఒకటి జరుగనున్నది. ఒక దేశపు పొగ, దుమ్ము, మురికినీరు మరొక దేశం మీద పడినప్పుడు కొట్లాడుకోకుండా ఎట్లా మాట్లాడుకోవాలన్నది చర్చనీయాంశం. అందులో కొందరు విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ పేరుతో శిక్షణ ఇస్తారు. సిస్టర్ కృపామణి గారు నా చేత దరఖాస్తు పెట్టించగా, నేను ఎంపికైనాను. ప్రతినిధుల వెనుక వరుసలో కూర్చుని వినడం, వ్రాసుకోవడం, అడిగిన కాగితం అందించడం మా పని. మాట్లాడనక్కరలేదు. తరగతిలో హాజరు పలికినా నా గొంతు వినపడక సిస్టర్ గారు తల ఎత్తి చూసుకునేవారు. అటువంటి దానికి ఇంతకంటే తగిన పని మరొకటి ఉంటుందని నేననుకోను.

2. అయితే ఒక నిబంధన ఉన్నది. ఢిల్లీ వెళ్ళే ముందు ప్రతి విద్యార్థీ తన ప్రాంతంలో అటువంటి తగాదా ఒకటి ఎంచుకుని, ఇరుపక్షాలను ఒక మాట మీదికి తెచ్చి, ఆ ఒడంబడికను గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో ఈ నెలాఖరులోగా పంపాలి. పంపనివారి స్థానం మరొకరికి ఇస్తారు. మా నాన్నగారు నన్ను అంత దూరం పంపడానికి మెత్తబడింది కూడా ఆ ధ్రువీకరణ మాట విన్న తరువాతనే.

“ఎమ్మార్వో గారి సంతకం ఉంటే గవర్నమెంటు పంపినట్టు. లేకపోతే మనం పంపినట్టు. మనం పంపం,” అన్నారు.

3. తగాదా వివరము. తెల్లగుట్ట వద్ద సున్నపు బట్టీ నాగులమ్మ గారిది. భర్త పోయిన తరువాత ఆమే నడుపుతున్నారు. బట్టీకి తూర్పున, పాత వాగు దాటగానే, మేరకపాలెం రైతు ఆదినారాయణ గారి మిరప కల్లం ఉన్నది. మిగిలిన రైతులు కూడా ఆయన పక్కనే కాయలు ఆరబోస్తారు. పడమటి గాలి ఉన్నప్పుడు నాగులమ్మ గారు కాలిన రాయి దించి జల్లెడ పట్టిస్తే ఆ సున్నపు దుమ్మంతా కాయల మీద వాలుతుంది. ఎర్రటి కాయ తెల్లబారి, మంచి సరుకు కూడా తాలు కాయలా కనపడుతుంది. కడిగితే కుళ్ళుతుంది. పోయిన ఏడు గుంటూరు యార్డులో ఆదినారాయణ గారి బస్తాలన్నీ తాలు కింద లెక్కగట్టి సగం ధరే ఇచ్చారు. ఆయన తిరిగి వచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా బట్టీ దగ్గరకు పోయి, అమ్మకానికి సిద్ధంగా ఉన్న సున్నపు గుట్ట మీద బిందెలతో నీళ్ళు కుమ్మరించారు. గుట్ట కుతకుత ఉడికి పిండి అయిపోయింది. అంతకు ముందు ఆయన ఆమెను వదినా అని పిలిచేవారట. ఆ తరువాత పిలుపులు లేవు.

4. జనవరి నుండి ప్రతి శని ఆదివారాలూ నేను ఊరికి వచ్చి, ఆ ఇద్దరి మధ్య తిరుగుతున్నాను. మొదటి రోజు నాగులమ్మ గారు నా సంగతి విని, బట్టీ పక్కన నులక మంచం మీద కాళ్ళు చాపారు.

“ఇంటర్నుషిప్పంటే డాక్టర్లు చేసేదిగా? నా మోకాలు చూడు.”

నేను ఆ శిక్షణ వేరని చెప్పాను. “అయితే నువ్వెందుకే నాకు?” అన్నారు. అయినా వెళ్ళగొట్టలేదు. చెప్పింది చెప్పినట్టు అవతలికి చేరవేయమన్నారు.

అది నాకు చేతకాలేదు. ఉదాహరణకు నాగులమ్మ గారు చెప్పి పంపినది: “ఆ ఆదిగాడికి చెప్పు. వాడి కాయలు తాలు కాదు, వాడే తాలు. గాలిని ఆపమంటాడేంది, గాలి నా మొగుడా నా మాట వినటానికి?”

నేను వాగు దాటి చెప్పినది: “బాబాయ్, గాలి విషయం ఆలోచించడానికి ఆమెకు కొంత వ్యవధి కావాలట.”

ఆదినారాయణ గారు కాయలు తిరగేసే పార పక్కన పెట్టి నా మొహం చూశారు. “వ్యవధా? ఆ నోట్లోంచి వ్యవధి అన్న మాట వచ్చిందా? అసలేమన్నదో చెప్పమ్మాయ్.” నేను వంగి పక్కకు దొర్లిన కాయలు లోపలికి తోశాను. ఆయన నవ్వారు. “సరే, నేనూ చెప్తున్నా. వచ్చే జన్మలో ఆమె మిరపచెట్టుగా పుట్టి, ఆ దుమ్ములో నిలబడాలని చెప్పు.”

అవతల నేను అన్నది: “మీరు ఒకసారి తన కల్లం వైపు నుంచి కూడా ఆలోచించాలని ఆయన కోరుతున్నారు అత్తా.”

“అబద్ధాల మూటవే నువ్వు,” అన్నారు నాగులమ్మ గారు. కాని చెంబుతో మజ్జిగ ఇచ్చారు.

5. ఒడంబడిక. ఫిబ్రవరిలో ఇద్దరూ ఈ క్రింది మాటకు వచ్చారు. గాలి కల్లాల వైపు ఉన్నప్పుడు బట్టీ దించరాదు, జల్లెడ పట్టరాదు. అందుకు బదులుగా మేరకపాలెం రైతులు కోత ముగిసిన తరువాత చేలలో తగలబెట్టే మిరప కట్టెను బళ్ళకెత్తి బట్టీకి తోలాలి. కట్టెలో కాయలు ఉండరాదు. (“కాయలుంటే ఆ ఘాటుకు మా కూలోళ్ళు గుంటూరు దాకా పరిగెత్తుతారు.” ఈ షరతు నాగులమ్మ గారిది.) గాలి ఎటు వీస్తున్నదో ఇరువైపులకూ తెలియడానికి వాగు గట్టున ఒక వాసం పాతి, దానికి నాగులమ్మ గారి పాత ఎర్రచీర కట్టారు. చీర కల్లాల వైపు ఎగిరితే బట్టీలో పని ఆగేది. బట్టీ వైపు తిరిగితే జల్లెళ్ళు కదిలేవి. వారి మధ్య ఒక్క మాట నడవలేదు. చీర ఒక్కటే నడిచింది. కాయలు ఎర్రగా ఎండుతున్నాయి. నేను మా డాబా మీద నుంచి ఆ చీరను చూస్తూ ఉండేదాన్ని. అంత దూరం నుంచి వేలెడంత కనపడుతుంది.

(ఇప్పుడే డాబా ఎక్కి చూసి వచ్చాను. వాసం ఉన్నది. చీర లేదు. అందుకు కారణం ఆరవ పేరాలో.)

6. స్టాంపు కాగితం. ధ్రువీకరణ కోసం తమ కార్యాలయానికి రాగా, గుమాస్తా పున్నారావు గారు మంచి ఉద్దేశంతోనే, “నోటి మాటకు అయ్యగారు సంతకం ఎట్టా పెడతారమ్మా? స్టాంపు కాగితం మీద రాయించుకురా, గట్టిగా ఉంటుంది,” అన్నారు. నేను కాగితం కొని, నా చేతులతోనే చక్కగా వ్రాసి, పోయిన ఆదివారం నాగులమ్మ గారి ముందు పెట్టాను. ఆమె వ్రాత వైపు చూడలేదు. పైన ఉన్న ముద్ర చూశారు.

“ఏందే ఇది?”

“మనం అనుకున్నదే అత్తా. కింద వేలిముద్ర వేస్తే చాలు.”

“కేసు ఏశాడా?”

“లేదత్తా. ఇది ఒడంబడిక.”

“ఒడంబడికకు స్టాంపెందుకే? మా ఆయన గట్టు తగాదా కూడా ఇట్టాంటి కాగితంతోనే మొదలయింది. నరసరావుపేట కోర్టుకు తిరిగీ తిరిగీ ఆయన పోయాడు, తగాదా పోలా.” ఆమె లేచారు. మోకాలు నొప్పి ఉన్న మనిషి, నేను వెనుక పరుగెత్తుతున్నా ఆగకుండా గట్టు దాకా నడిచి, వాసం వంచి చీర ఊడదీసుకున్నారు. “సోమవారం పొద్దున కాదు, పై సోమవారం పొద్దున బట్టీ దించుతా. అప్పటికి చల్లారుతుంది. గాలి ఎటుంటే నాకేంది?”

ఆదినారాయణ గారు కల్లంలో నుంచి అదంతా చూశారు. చేతిలో కాగితంతో నేను, చీర చంకన పెట్టుకుని ఆమె. నేను వాగు దాటి దగ్గరకు వెళ్ళగా, ఆయన కూడా ఆ స్టాంపు ముద్రను చూసి, కేసు ఆమే వేసిందని నిశ్చయించుకున్నారు. నేను చెప్పేది వినలేదు. ఆ సాయంత్రం బస్సుకే నరసరావుపేట వెళ్ళి వకీలును కలిశారు. వకీలు గారు కూడా సోమవారమే రమ్మన్నారట. ఈ విధముగా ఎవరూ వేయని కేసుకు ఇరుపక్షాలవారూ సిద్ధమగుచున్నారు. ఇదే కాగితం మరొక జిల్లాలో చూపి ఉంటే వారు ముందుగా చదివేవారేమో. మా పల్నాటిలో స్టాంపు కనపడితే చదవరు. నడుం కట్టుకుంటారు.

కాయలు ఇంకా కల్లంలోనే ఉన్నాయి. సోమవారానికి ఎండవు. బస్తాలకు ఎత్తలేరు.

7. నేను కళాశాలకు వెళ్ళడం మానుకుని ఈ వారమంతా ఇక్కడే ఉన్నాను. నాగులమ్మ గారిని బతిమాలగా, నిన్న ఒక మాట అన్నారు.

“విడిపోయేవాళ్ళకే సంతకాలు. కలిసేవాళ్ళు ఒక చాప మీద తింటారు. వాడికి కేసు లేదంటే, వచ్చి నా అన్నం తినమను.”

తమరు ఈ ప్రాంతం వారు కారు గనుక మనవి. మా వైపు కలహించిన వారు కలిశారనడానికి గుర్తు ఇదే. ఒక చాప, ఒక పంక్తి. తిన్న తరువాత మాట తప్పితే ఆ ఇంటికి ఎవరూ పిలుపు పంపరు.

ఆదినారాయణ గారికి చెప్పాను. “తింటా. ఆమె పక్కన మాత్రం ఎట్టా కూర్చునేది? మధ్యలో మనిషి ఉండాలి. ఇటూ అటూ కాని మనిషి.”

నేను కూర్చుంటానన్నాను.

“నువ్వా? మీ నాన్న కొట్లో నాగులమ్మకు ఖాతా ఉంది. నువ్వు అటు మనిషివి.”

నాగులమ్మ గారిని అడిగాను. “నువ్వా? మీ నాన్న మిరపకాయలు కొనేది ఆదిగాడి దగ్గరే. నువ్వు అటు మనిషివి. అయినా నువ్వు తినేదెంత? కోడిపిల్ల మెతుకులు ఏరినట్టు ఏరుతావు. నువ్వు తిన్నావని ఎవరు నమ్ముతారే?”

తరువాత ఇద్దరూ, వేరువేరుగా, ఒకరికొకరు తెలియకుండా, తమరి పేరు చెప్పారు. తమరు ఈ జిల్లా వారు కారు. తమకు ఇక్కడ ఖాతా లేదు, కల్లం లేదు, బట్టీ లేదు. ఏడాది కాలంలో నేను నడుమ తిరగకుండానే ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం తమరే.

8. కావున ప్రార్థించునది ఏమనగా, తమరు ఆదివారం మధ్యాహ్నం పాత వాగు గట్టు వద్దకు దయచేసి ఆ చాప మీద నడుమ కూర్చుని భోజనం చేయవలెను. అన్నం, పప్పు బట్టీ వైపు నుండి వస్తాయి. గోంగూర, పండుమిరప పచ్చడి కల్లం వైపు నుండి వస్తాయి. చివర తాంబూలంలోకి సున్నం మళ్ళీ బట్టీదే. తమకు కారం పడదని పున్నారావు గారు చెప్పారు. పెరుగు నేను తెస్తాను. తమ సౌకర్యార్థం మరికొన్ని వివరములు:

అ) జీపు రోడ్డు మీదనే ఆపవలెను. కల్లం దాకా వస్తే దుమ్ము లేస్తుంది. అది సున్నం కాకపోయినా ఆదినారాయణ గారు ఊరుకోరు.

ఆ) కుర్చీ తెప్పించరాదు. ఎవరైనా గౌరవంతో తెచ్చినా కూర్చోరాదు.

ఇ) రెండవసారి వడ్డించినప్పుడు ఏ వైపు పదార్థాన్నీ వద్దనరాదు. వద్దంటే ఆ వైపు మనిషి లేచిపోయే ప్రమాదమున్నది.

ఈ) భోజనానంతరం, “వీరిరువురూ నాకు చెరొక పక్కన కూర్చుని ఒకే చాప మీద భుజించుట నేను స్వయముగా చూచితిని” అని తమ చేతితో ఒక్క వాక్యం వ్రాసి సంతకం చేయవలెను. మామూలు కాగితం మీద. ఆ కాగితాన్ని నేను ఢిల్లీకి పంపుకుంటాను. వారు దానిని ఒడంబడికగా ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఇరుపక్షాల పద్ధతిని గౌరవించాలని వారి కాగితాల్లోనే మొదటి పుటలో వ్రాసి ఉన్నది.

9. తొమ్మిదవ అంశంగా వ్రాయడానికి ఫిర్యాదు ఏదీ లేదు. కాని ఈ కాగితం ముగించలేకపోతున్నాను.

అయ్యా, నాకు ఢిల్లీ వెళ్ళాలని ఉన్నది. ఈ మాట ఇంట్లో పైకి అనలేదు. ఆ వెనుక వరుసలో కూర్చుని, ఒక దేశం వారు మరొక దేశం వారితో “మాకు కొంత వ్యవధి కావాలి” అన్నప్పుడు, అంతకు ముందు గదిలో అసలు ఏమన్నారో ఊహించుకోవాలని ఉన్నది. రాత్రీ పగలూ అదే ఆలోచన. కాని తమరు ఈ ఆదివారం గాక, నెలాఖరు దాటిన తరువాత వస్తానంటే, నా స్థానం పోతుంది, కాయలూ పోతాయి. ఆదివారం వచ్చి, సంతకం మాత్రం పెట్టనంటే, నా స్థానం పోతుంది, కాయలు మిగులుతాయి. అట్లయినా సరే, రావలసిందిగా కోరుతున్నాను. ఈ వాక్యం వ్రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి డాబా ఎక్కి దిగుతున్నాను. మా అమ్మ మెట్లు అరిగిపోతాయంటున్నది.

గాలి ఈ రోజు తూర్పు నుంచి ఉన్నది. రేపటి సంగతి తెలియదు.

పై విషయములన్నీ ఆకలి వేళకు ముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కొత్తమాసు హైమావతి

తా.క.: ఇది తమ కార్యాలయ వరండాలో నిలబడి వ్రాస్తున్నాను. తమరు మీటింగు కోసం గుంటూరు వెళ్ళారనీ, మంగళవారం గాని తిరిగి రారనీ పున్నారావు గారు ఇప్పుడే చెప్పారు. “అర్జీ ఇచ్చిపో అమ్మా, రాగానే పైన పెడతా,” అన్నారు.

“అయితే నేనే కూర్చుంటాను,” అన్నాను. నా గొంతు అంత దూరం పోతుందని నాకు తెలియదు. వరండాలో అందరూ తిరిగి చూశారు. తన పొలం అడంగల్ కాపీ కోసం బెంచీ మీద కూర్చున్న ఆదినారాయణ గారు కూడా.

“ఏందమ్మాయ్, ఎక్కడ కూర్చునేది?”

“చాప మీద. నడుమ. ఎమ్మార్వో గారు ఊళ్ళో లేరు బాబాయ్. రెండోసారి వడ్డించినా తింటాను. మీ పచ్చడీ తింటాను.”

“నువ్వు అటు మనిషివని చెప్పాగా.”

“ఆమె నేను మీ మనిషినంటున్నది. ఇద్దరూ కాదన్నారంటే ఇటూ అటూ కాని మనిషిని నేనేగా బాబాయ్?”

ఆయన చాలాసేపు తువ్వాలు దులుపుకున్నారు. “సరే. ఒక షరతు. ఇన్నాళ్ళూ నువ్వు మెత్తగా మార్చి చెప్పావు చూడు, వ్యవధి అనీ అదనీ ఇదనీ. ఆ చాప మీద అసలు మాటలు చెప్పాలి. ఆమె నన్ను ఏమేమన్నదో, నేను ఆమెను ఏమన్నానో. ఒక్కటీ మానకుండా. అవన్నీ విన్నాక కూడా తినగలిగితే, అదీ రాజీ అంటే.”

ఒప్పుకున్నాను. నాగులమ్మ గారి దగ్గరకు ఇప్పుడే వెళుతున్నాను. మొదట తిడతారు. తరువాత ఆమె కూడా ఇదే షరతు పెడతారు. తాలు కాయ దగ్గర నుంచి మిరపచెట్టు దాకా అన్నీ నాకు వరుసగా గుర్తున్నాయి. నిన్నటి నుంచి ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ తినడం కూడా అలవాటు చేసుకుంటున్నాను.

మంగళవారం తమరు తిరిగి వచ్చేటప్పుడు, జీపును పాత వాగు వంతెన మీద ఒక్క నిమిషం ఆపవలసిందిగా ప్రార్థన. గట్టు మీద వాసానికి చీర కట్టి లేకపోతే, ఈ అర్జీని చించివేయవచ్చును. ఎర్రచీర ఎగురుతూ ఉంటే, అది ఎటు ఎగురుతున్నదో, అప్పుడు బట్టీలో జల్లెళ్ళు ఆగి ఉన్నాయో లేదో చూసి, చూసినంత వరకు వ్రాసి సంతకం చేయండి. నాకు అది చాలును. ఢిల్లీకి చాలునో లేదో వారే చెప్పాలి.

ఆదివారం నడుమ విస్తరి తమ పేరనే వేస్తాము. తినేది నేను.

హైమావతి